పేరుకు నాలుగు నెలల పరీక్ష

ట్రేడ్ మార్కు నమోదుకు ముందు ప్రభుత్వం దేశమంతటికీ ఒక చాటింపు వేస్తుంది. అది చెవినబడినవారికీ, పడనివారికీ గడువు ఒక్కటే.

పోర్ట్ బ్లెయిర్ పట్టణంలో జంగ్లీఘాట్‌కు చేరువన మిన్నీ బే అనే తీరపు పేట ఉన్నది. ఆ పట్టణానికి 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అన్నది అధికార నామం. జనవ్యవహారంలో పాతపేరు ఇంకా చెరిగిపోలేదు. అండమాన్ నికోబార్ ద్వీపాలలో తెలుగు వినబడటం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనంలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి బ్రతుకుతెరువు వెదుకుకుంటూ సముద్రం దాటి వెళ్ళిన కుటుంబాల సంతతి వారిలో అనేకులు.

అటువంటి కుటుంబానికి చెందిన ఒక గృహిణి మిన్నీ బేలో పచ్చళ్ళు, ఎండుచేపలు సీసాలకూ పొట్లాలకూ ఎత్తి అమ్ముతున్నదనుకుందాము. సరకు నాణ్యమైనది. కొన్నవారే మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. లేబులు మీద ఆమె వేసుకున్న పేరు చూసి, ఆ పేరుతోనే అడిగి తీసుకుంటున్నారు. అంటే ఆ పేరు ఇప్పుడొక ఆస్తి. పొలానికి పట్టా ఎట్లాగో, ఈ ఆస్తికి ట్రేడ్ మార్కు నమోదు అట్లాంటిది. ఆమె దరఖాస్తు పెట్టుకున్నది. అధికారి దానిని పరిశీలించి అంగీకరించాడు కూడా. ఇక పత్రం చేతికి వచ్చినట్లేనని ఎవరైనా భావిస్తారు. కాని అసలైన పరీక్ష అప్పటికి మొదలే కాలేదు.

చట్టం ఆ పేరును ముందు లోకం ఎదుట నిలబెడుతుంది. “ఈ పేరును ఫలానావారు తమదంటున్నారు. కాదనేవారు ఎవరైనా ఉన్నారా?” అని అడుగుతుంది. బదులు చెప్పడానికి నాలుగు నెలల వ్యవధి ఇస్తుంది.

దండోరా నుంచి జర్నలు దాకా

భూమి వేలానికి వచ్చినా, పన్ను బకాయి పడినా, ఒకప్పుడు మన పల్లెలలో దండోరా వేయించేవారు. నలుగురికీ తెలియకుండా నలుగురికీ సంబంధించిన హక్కును ఒకరికి ఇవ్వరాదన్నది ఆ ఆచారంలోని ధర్మం. ట్రేడ్ మార్కు ప్రకటన వెనుక ఉన్నదీ అదే సూత్రం. నమోదైన పేరును అదే రకమైన సరకు మీద ఇతరులు వాడుకొనరాదు. అంటే ఒకరికి హక్కు కట్టబెట్టినప్పుడు మిగిలిన వారందరి స్వేచ్ఛకూ కొంత కత్తెర పడుతుంది. అందువల్ల ఆ మిగిలినవారికి ముందుగా చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

ఇంగ్లండులో 1875లో నమోదు చట్టం వచ్చింది. 1876 జనవరి 1న కార్యాలయం తలుపులు తెరవగా, బాస్ అనే బీరు కంపెనీవారి ఎర్ర త్రికోణం మొదటి సంఖ్యతో నమోదైంది. మన దేశానికి అటువంటి చట్టం రావడానికి మరి ఆరు దశాబ్దాలకు పైగా పట్టింది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం తయారీ ఆరంభించేనాటికి ఇక్కడ ట్రేడ్ మార్కులు నమోదు చేసే శాసనమే లేదు. ఆ రోజులలో వ్యాపారులు దస్తావేజుల రిజిస్ట్రారు వద్ద “ఈ గుర్తు మాది” అని ఒక వాఙ్మూలం దాఖలు చేసి, ఇతరులు వాడరాదని పత్రికలలో హెచ్చరిక ప్రకటన వేయించేవారు. ప్రకటన సొంతఖర్చు, అది ఎవరి కంటబడుతుందో దైవాధీనం.

1940లో చేసిన ట్రేడ్ మార్కుల చట్టం 1942లో అమలుకు రావడంతో ఈ చాటింపు ప్రభుత్వపు పని అయింది. తరువాత 1958 చట్టం, దాని స్థానే 1999 చట్టం వచ్చాయి. 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులో ఉన్నది ఈ 1999 చట్టమే. శాసనాలు మారినా, ప్రకటన అనే మెట్టును మాత్రం ఏ శాసనమూ తొలగించలేదు.

సోమవారపు సంచిక

ఈ చాటింపుకు వేదిక ట్రేడ్ మార్క్స్ జర్నల్. ఒకప్పుడు అచ్చుప్రతిగా వెలువడిన ఈ గెజిట్ ఇప్పుడు ప్రతి సోమవారం ఇంటర్నెట్‌లో వెలువడుతున్నది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

అందులో ప్రతి దరఖాస్తుకూ కొంత చోటు. చిహ్నం బొమ్మ, దరఖాస్తు సంఖ్య, తేదీ, దరఖాస్తుదారు పేరు, చిరునామా, ఏ సరకులకు ఆ పేరు కోరుతున్నారు, ఎప్పటినుంచి వాడుతున్నామంటున్నారు, ఏ శాఖా కార్యాలయం పరిధిలోనిది అన్న వివరాలుంటాయి. ప్రపంచమంతటా సరకులనూ సేవలనూ 45 తరగతులుగా విభజించారు. మొదటి 34 సరకులవి, మిగిలినవి సేవలవి. ఎండుచేపలు 29వ తరగతిలోకి వస్తే, మసాలా పొడులు 30లోకి, తలనొప్పి మందు 5లోకి వస్తాయి. ఏ తరగతికి ఆ తరగతి రుసుము విడిగా చెల్లించాలి. ఇంటర్నెట్ ద్వారా దరఖాస్తు చేసే వ్యక్తులకూ చిన్న సంస్థలకూ తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000.

సాధారణంగా అధికారి దరఖాస్తును అంగీకరించిన తరువాతే ప్రకటన వెలువడుతుంది. కొన్ని సందర్భాలలో మాత్రం “అంగీకారానికి ముందే ప్రకటన” అన్న శీర్షికతో వెలువరించే అధికారం అతనికి ఉన్నది. పేరులో ప్రత్యేకత ఉన్నదా లేదా, మరొక పేరును పోలి ఉన్నదా అన్న సందేహం పూర్తిగా తీరనప్పుడు, లోకుల మాట కూడా విని నిర్ణయించవచ్చునని దాని భావం. ప్రకటనలో తప్పు దొర్లి మళ్ళీ ప్రకటించవలసి వస్తే, గడువు ఆ రెండవ ప్రకటన నుంచి లెక్కకు వస్తుంది.

అండమాన్ వ్యాపారి విషయంలో ఒక చిత్రమున్నది. అక్కడి తెలుగువారి రాకపోకలు విశాఖపట్నం, చెన్నై ఓడలతో. కాని ట్రేడ్ మార్కు వ్యవహారాలలో ఆ ద్వీపాలు కోల్‌కతా కార్యాలయం పరిధిలోనివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు చెన్నై పరిధిలోనివి. అయినా జర్నలు అందరికీ ఒక్కటే. మిన్నీ బే పచ్చడి పేరును మచిలీపట్నం వ్యాపారి ఆక్షేపించవచ్చు. మచిలీపట్నం పేరును మిన్నీ బే వారు ఆక్షేపించవచ్చు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కూ ఇతర ద్వీపాలకూ కలిపి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైన తరువాత, సోమవారపు సంచిక ద్వీపవాసికి మునుపటికన్న ఎంతో చేరువైంది.

ఎవరైనా కాదనవచ్చు

చట్టంలోని 21వ సెక్షను ఆక్షేపించే హక్కును “ఎవరైనా” అన్న మాటతో ఇచ్చింది. పోటీ వ్యాపారికే కాదు, తన పేరు నమోదు చేసుకోనివారికి, ఏ వ్యాపారమూ లేని సామాన్య వినియోగదారుకు కూడా ఈ హక్కున్నది. ఆ పేరు తన పేరును పోలి ఉన్నదని అనవచ్చు. అది సరకు గుణాన్ని చెప్పే మామూలు మాట గనుక ఒకరి సొత్తు కారాదని అనవచ్చు. జనాన్ని మోసపుచ్చేదనో, మతభావాలను గాయపరిచేదనో అనవచ్చు.

గడువు నాలుగు నెలలు. లోగడ మూడు నెలలు ఇచ్చి, కోరినవారికి మరొక నెల పొడిగించేవారు. 2010లో చేసిన సవరణ 2013 జులైలో అమలుకు వచ్చి, ఆ రెంటినీ కలిపి నాలుగు నెలలుగా స్థిరపరచింది. పొడిగింపు మాత్రం పోయింది. ఈ గడువు చట్టంలోనే రాసి ఉన్నందున, దానిని పెంచే అధికారం రిజిస్ట్రారుకు లేదు.

ఆక్షేపణ దాఖలుకు ఇంటర్నెట్ ద్వారా తరగతికి 2,700 రూపాయలు. దాని నకలు దరఖాస్తుదారుకు అందిన రెండు నెలలలోగా సమాధానం దాఖలు కావాలి. చిన్న వ్యాపారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడనే. “నా పేరు నాది, ఎవరో ఏదో రాస్తే నాకేమి?” అని ఊరకుంటే, దరఖాస్తును వదులుకున్నట్లుగా చట్టం భావిస్తుంది. వాదన వినకుండానే, తప్పొప్పులు తేల్చకుండానే ఆ పేరు కథ అక్కడితో సరి.

సమాధానం వచ్చిన పిమ్మట సాక్ష్యాల ఘట్టం. ఆక్షేపించినవారికి రెండు నెలలు, దరఖాస్తుదారుకు రెండు నెలలు, ప్రత్యుత్తరానికి ఒక నెల. ఆక్షేపించినవారు సాక్ష్యమూ ఇవ్వక, తమ ఆక్షేపణ పత్రమే చాలునని కూడా తెలియజేయకపోతే, ఆక్షేపణను వదులుకున్నట్లే. ఉభయులకూ మౌనం ప్రమాదకరమే. ఆపైన విచారణ, దానికి కోల్‌కతా దాకా పోనక్కరలేదు, వీడియో ద్వారా హాజరు కావచ్చు. తీర్పు నచ్చనివారు మూడు నెలలలో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఇటువంటి అప్పీళ్ళు వినడానికి ప్రత్యేకంగా ఏర్పడిన బోర్డును 2021లో రద్దు చేశారు.

ఎవరూ ఆక్షేపించకపోయినా, ఆక్షేపణ వీగిపోయినా పేరు నమోదవుతుంది. విశేషమేమంటే, నమోదు ఫలం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. నిరీక్షించిన కాలం వృథా పోదు. పదేళ్ళకొకసారి పునరుద్ధరించుకుంటూ ఉంటే ఆ హక్కుకు అంతమే లేదు.

అమృతధార, లక్ష్మణధార

ఈ మెట్టు మీద ఎంతటి తగవులు నడుస్తాయో తెలుసుకోవడానికి ఒక పాత వ్యాజ్యం ఉపకరిస్తుంది. అమృతధార అనే ఔషధం ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుంచి లాహోరులో తయారై ప్రసిద్ధికెక్కింది; దేశవిభజన తరువాత ఆ సంస్థ డెహ్రాడూను చేరింది. 1950 జులైలో కాన్పూరు వ్యాపారి ఒకరు లక్ష్మణధార అనే తమ ఔషధానికి నమోదు కోరారు. 1923 నుంచి తాము ఆ పేరు వాడుతున్నామన్నారు. అమృతధారవారు ఆక్షేపించారు.

రెండు మాటలకూ అర్థం వేరు గదా అని చదువుకున్నవారికి తోచవచ్చు. అలహాబాదు హైకోర్టుకూ అట్లాగే తోచింది. 1962లో సుప్రీంకోర్టు మరొక కోణం చూపింది. కొనేవాడు మాటను ముక్కలుచేసి వ్యుత్పత్తి వెదకడు. మధ్యరకం తెలివి, అరకొర జ్ఞాపకం ఉన్న మనిషి మొత్తం ధ్వనిని బట్టి సరకు గుర్తుపడతాడు. ఆ లెక్కన రెండు పేర్లూ భ్రమ కలిగించేవేనని న్యాయస్థానం తేల్చింది.

అయినా లక్ష్మణధార పూర్తిగా ఓడలేదు. ఉభయుల మందులూ ఏళ్ళ తరబడి ఒకే పత్రికలలో ప్రకటితమవుతూ వచ్చాయి. అమృతధారవారు చూసి కూడా మిన్నకున్నారు. ఆ మౌనాన్ని సుప్రీంకోర్టు ప్రత్యేక పరిస్థితిగా పరిగణించి, ఉత్తరప్రదేశ్ వరకే పరిమితం చేస్తూ నమోదుకు అనుమతించిన రిజిస్ట్రారు ఉత్తర్వును తిరిగి నిలబెట్టింది. సకాలంలో కాదనని వానికి, న్యాయం అతని వైపు ఉన్నప్పటికీ, దక్కవలసినదంతా దక్కలేదు.

ఇద్దరు నందినులు

తెలుగువారి భోజనంతో ముడిపడిన మరొక వ్యాజ్యం బెంగుళూరుది. కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సహకార సమాఖ్య 1985 నుంచి నందిని పేరుతో పాలు, పాల పదార్థాలు అమ్ముతున్నది. ఆంధ్ర పద్ధతి భోజనానికి పేరుపొందిన నందిని డీలక్స్ హోటళ్ళు 1989లో ఆరంభమైనాయి. తమ హోటళ్ళలో అమ్మే తినుబండారాలకు ఆ పేరు నమోదు చేయవలసిందని హోటలువారు కోరగా, సమాఖ్య ఆక్షేపించింది.

2007లో డిప్యూటీ రిజిస్ట్రారు హోటలు పక్షాన తీర్పు చెప్పారు. అప్పిలేట్ బోర్డు దానిని తిరగదోడింది. 2014లో కర్ణాటక హైకోర్టు బోర్డును సమర్థించింది. చివరకు 2018 జులై 26న సుప్రీంకోర్టు హోటలువారినే గెలిపించింది. నందిని అనేది పురాణప్రసిద్ధమైన ధేనువు పేరు; ఒక సంస్థ కల్పించిన మాట కాదు. పాలు కొనేవారు వేరు, పలావు తినేవారు వేరు. బొమ్మలూ లేబుళ్ళూ వేరు. అయితే పాలకూ పాల పదార్థాలకూ ఆ పేరు వాడకూడదన్న నియమం మాత్రం మిగిలింది. డిప్యూటీ రిజిస్ట్రారు తీర్పు నుంచి సుప్రీంకోర్టు తీర్పు దాకా పట్టిన కాలం 11 ఏళ్ళు.

దేవతల పేర్లు, నదుల పేర్లు, ఊళ్ళ పేర్లు పెట్టుకోవడం మనకు పరిపాటి. శుభమని పెట్టుకున్న పేరు మరి పదిమందికీ శుభంగానే తోచి ఉంటుందన్నది ఈ వ్యాజ్యం నేర్పే పాఠం.

గడువు ఆగిన కాలం

నాలుగు నెలల గడువు ఎంత కఠినమైనదో కరోనా కాలం మరొక విధంగా చాటింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా న్యాయస్థానాల గడువులను లెక్కలోకి తీసుకోరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కాలంలోనూ సోమవారపు సంచికలు వెలువడ్డాయి. నాలుగు నెలలు దాటిపోయాయి గనుక ఆక్షేపణ చెల్లదనేది కార్యాలయం వైఖరి. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ మొదలైనవారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటు ట్రేడ్ మార్కు ఆక్షేపణలకూ వర్తిస్తుందని 2022 మార్చి 21న హైకోర్టు తీర్పు చెప్పింది. దానివల్ల ఆ కాలంలో గడువు తీరినవారికి 2022 మార్చి 1 నుంచి 90 రోజుల అవకాశం లభించింది. ఒక మహమ్మారి వస్తేనే కాని ఆ గడువు కదలలేదు!

ఇతర దేశాల పద్ధతులు కొంత భిన్నం. అమెరికాలో ప్రకటన తరువాత ఇచ్చే వ్యవధి 30 రోజులే, కోరితే పెంచుతారు. ఐరోపా సమాజంలో మూడు నెలలు. జపానులో ముందు నమోదు చేసి, ఆ తరువాతే ఆక్షేపణలకు రెండు నెలలు ఇస్తారు. వీటితో పోలిస్తే మన నాలుగు నెలలు ఉదారమైనవే. కాని జర్నలును చూసే అలవాటు లేనివానికి నాలుగు నెలలైనా, నాలుగేళ్ళైనా ఒకటే.

గుర్తుంచుకోదగినవి

దరఖాస్తు పెట్టినవారు కొన్ని జాగ్రత్తలు పాటించడం అవసరం. ఉత్తరాలు అందే చిరునామా, ఈ-మెయిల్ సరిగా ఉండాలి; ఆక్షేపణ నకలు ఆ చిరునామాకే వస్తుంది. పేరు ఎప్పటినుంచి వాడుతున్నారో నిరూపించే బిల్లులు, లేబుళ్ళు, పత్రికా ప్రకటనలు తేదీలతో సహా భద్రపరచాలి. ఆ నాలుగు నెలలలో పేరు పక్కన టీ.ఎం. అన్న అక్షరాలు వేసుకోవచ్చును గాని, వలయంలో ఆర్ అక్షరం వేయరాదు. నమోదు కానిదానిని అయినట్లు చూపడం చట్టవిరుద్ధం. ప్రకటనతో పేరూ చిరునామా లోకానికి వెల్లడవుతాయి గనుక, సర్కారు నోటీసుల వలె కనిపించే ఉత్తరాలు పంపి సొమ్ము గుంజే మోసగాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. ఇటువంటి ఉత్తరాల విషయంలో ప్రపంచ మేధా సంపత్తి సంస్థ హెచ్చరిస్తూనే ఉన్నది. రుసుము కోరే కాగితం ఏదైనా వస్తే, చెల్లించేముందు దరఖాస్తు సంఖ్యతో అధికార వెబ్‌సైటులో సరిచూసుకోవాలి.

పేరు ఇదివరకే ఉన్నవారు సోమవారపు సంచికపై ఒక కన్ను వేసి ఉంచాలి. తమ పేరును పోలిన ధ్వని, తమ సరకుల తరగతి, ఈ రెండూ కలిసిన చోట ఆగి చూడాలి. గడువు దాటినంత మాత్రాన సర్వం పోదన్నది నిజమే. ముందునుంచీ వాడుతున్న వానిని 34వ సెక్షను కాపాడుతుంది. తప్పుగా నమోదైన పేరును తొలగించమని 57వ సెక్షను కింద కోరవచ్చు. కాని అప్పటికి ఎదుటివారి చేతిలో నమోదు పత్రం ఉంటుంది. అది చెల్లుతుందనే న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. చెల్లదని నిరూపించే బరువు అడిగినవారి తలపై పడుతుంది. తలుపు మూయకముందు 2,700 రూపాయలతో చెప్పగలిగిన మాటను, మూసిన తరువాత చెప్పడానికి ఎన్నో ఏళ్ళు, ఎంతో ధనం ఖర్చుకావచ్చు.

పాత రోజులలో దండోరా వేసేవాడు ఊరి చివరి ఇంటిదాకా వచ్చి చాటేవాడు. ఇప్పటి దండోరా వినదలచినవారు తామే దాని దగ్గరకు నడిచి వెళ్ళాలి. అది ప్రతి సోమవారం మోగుతూనే ఉన్నది. సీసా మీది పేరును నమ్మి పచ్చడి కొనే ప్రతి ఒక్కరికీ, వ్యాపారితో సమానంగా, ఆ దండోరాకు బదులు చెప్పే హక్కున్నది.